చెరువు నీళ్ల మీద వేసిన నింద

రొయ్యల చెరువు నీళ్ల వల్ల సవాయి రోగం, అదే సిఫిలిస్, రాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే వస్తుందని తొంభైల చివర మా మండలంలో సగం మంది నమ్మారు, నమ్మించినవాణ్ణి నేనే. ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు కనిపించినప్పుడల్లా ఈ సంగతి చెబుదామనుకుంటాను. తీరా నోరు తెరిస్తే వేరే కథ వస్తుంది. అందుకని రాస్తున్నాను. కాగితం నవ్వదు కాబట్టి పెంచి చెప్పాల్సిన పని ఉండదు.

పెంచి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఓ వరదలో మా ఆసుపత్రి బల్ల గోదాట్లో కొట్టుకుపోయిందనీ, దాని మీద పడుకున్న రోగి యానాంలో దిగి, మందుల చీటీ తిరుగు టపాలో పంపమని ఉత్తరం రాశాడనీ చెప్పేవాణ్ణి. మా ఆసుపత్రికీ గోదావరికీ మధ్య రెండు ఊళ్లున్నాయని తెలిసినవాళ్లు కూడా కూర్చుని వినేవారు. స్వచ్ఛంద విరమణ తీసుకుని రెండేళ్లయినా ఆ బల్ల గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో ఒకదాంట్లో మా ఆసుపత్రి. ఏ ఊరో చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. నేను ల్యాబు టెక్నీషియన్ని. పైన డాక్టరమ్మగారు, పక్కన సిస్టరుగారు. సిస్టరుగారికి నా కథలంటే ఒళ్లు మంట. డాక్టరమ్మగారికి వినే తీరికే ఉండేది కాదు.

ఆసుపత్రిలో మూడు గదులుండేవి. అందులో రెండింటి తలుపుల్ని చెదలు తినేశాయి. తలుపున్నది నా ల్యాబుకొక్కదానికే. దానివల్ల నాకో కొత్త ఉద్యోగం అంటుకుంది. ఎవరికైనా సుఖవ్యాధి అని తేలితే డాక్టరమ్మగారు వైద్యం రాసిచ్చి, "లోపలికి తీసుకెళ్లి విషయం చెప్పు" అని నా దగ్గరికి పంపేవారు. ఇప్పట్లా దానికోసం చదువుకున్న కౌన్సెలర్లు మాకప్పుడు లేరు. తలుపున్నవాడే కౌన్సెలరు. చెప్పాల్సినవి మూడే. రోగం ఎలా వచ్చిందో చెప్పాలి. తగ్గేదాకా దూరంగా ఉండమని, ఆ తర్వాత కూడా బయటికెళ్తే కండోము వాడమని చెప్పాలి. భార్యని కూడా తీసుకొచ్చి పరీక్ష చేయించమని చీటీ ఇవ్వాలి. చీటీల కట్ట నా సొరుగులోనే ఉండేది.

ఓ మాఘమాసం పొద్దున్న ఒక కుర్రాడొచ్చాడు. పాతికేళ్లుంటాయి. రొయ్యల చెరువు మీద పని. పెళ్లయి మూడు నెలలు. అంతకు ముందు నెల రొయ్యల లోడుతో లారీ మీద మద్రాసు వెళ్లి నాలుగు రోజులున్నానని డాక్టరమ్మగారికి చెప్పాడట. పుండు చూశారు, రక్తం నేను చూశాను, సందేహం లేదు. సిస్టరుగారు పెన్సిలిన్ సూది చేసి నా గదిలోకి పంపారు. తలుపేశాను.

కుర్రాడు కుర్చీలో కూర్చోలేక నిలబడ్డాడు. సూది నొప్పి వల్ల అనుకున్నాను. కాదు, చేతులు వణుకుతున్నాయి.

"ఇది ఎలా వత్తాదండీ?" అన్నాడు.

ఎలా వచ్చిందో నాకు తెలుసు, అతనికీ తెలుసు. తెలిసీ అడిగాడంటే నా నోటి నుంచి ఇంకేదో వినాలనుందన్నమాట. ఎదురుగా ఉన్నవాడు ఏం వినాలనుకుంటున్నాడో పసిగట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

"నడుంలోతు నీళ్లలో దిగుతావా?"

"ఆయ్. రోజూ దిగుతానండి."

"మేత వేసిన నీళ్లలో?"

"ఆయ్."

"మరింకేం? ఆ నీళ్లు మంచివి కావు. రొయ్య మీసం గీరుకుంటే ఆ గీతలోంచి దోషం ఒంట్లోకి ఎక్కుతుంది."

కుర్రాడు కుర్చీలో కూలబడి పెద్ద ఊపిరి వదిలాడు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయిలో రొయ్య మీసాన్ని ఇంకో రెండంగుళాలు పొడిగించాను కూడా. అతను దండం పెట్టి లేచాక సొరుగు లాగాను, చీటీ ఇవ్వడానికి. అప్పుడు తెలిసింది, నా కథలో చీటీకి చోటు లేదని. నీళ్ల వల్ల వచ్చిందన్నాక, ఎప్పుడూ నీళ్లలో దిగని మనిషిని తీసుకురమ్మని ఎలా చెప్పను? కండోము మాట ఎలా ఎత్తను? సొరుగు మూసేశాను.

కథ చెరువు గట్టెక్కడానికి వారం పట్టలేదు. కుర్రాడు తన రోగం గురించి చెప్పలేదు గానీ, నీళ్ల గురించి తోటివాళ్లని మాత్రం హెచ్చరించాడు, మంచివాడు కాబట్టి. పనివాళ్లు ఇక నీళ్లలో దిగం అన్నారు. చెరువుల ఆసామి గట్టు మీద ఓ పీపా పెట్టించి ఊదారంగు పర్మాంగనేటు కలిపించాడు. సాయంత్రం పని దిగినవాళ్లంతా నడుం దాకా అందులో మునిగి ఇళ్లకెళ్లేవారు. బస్సెక్కితే కాళ్ల మీది గోధుమరంగు మరకల్ని బట్టి ఎవరు చెరువు వాళ్లో చెప్పేయొచ్చు. ఓ రోజు ఆసామి సీసాతో చెరువు నీళ్లు పంపి, సవాయి ఉందో లేదో చూసి చెప్పమన్నాడు.

సిస్టరుగారు సీసాని వెలుతురుకి ఎత్తి చూశారు. "బాగుందండీ. రేపు రొయ్యలక్కూడా సూది చెయ్యమంటారు కాబోలు. చిన్న సూదులు తెప్పించమంటారా?"

నేను నవ్వాను.

"నవ్వుతారేంటి? ఆ అబ్బాయి పెళ్లాం వచ్చిందా?"

"వస్తుందండీ."

"చీటీ ఇచ్చేరా?"

"ఇచ్చేను."

పది మందిని నవ్వించడానికి చెప్పిన అబద్ధాలు నాకు లెక్క లేనన్ని ఉన్నాయి. నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పింది అదొక్కటే. సీసా వెనక్కి పంపి, ఉప్పు ఎక్కువుందని కబురు పెట్టాను.

భాద్రపదం వచ్చింది. మంగళవారాలు గర్భిణీలకి రక్తం చూసే రోజు. ఆ రోజు పద్నాలుగు మంది రక్తం తీసి పంపించాను. సాయంత్రం గాజు పలక తిప్పి చూస్తుంటే తొమ్మిదో గుంటలో ముద్ద కట్టింది. ముద్ద కట్టిందంటే సవాయి ఉన్నట్టు. పొరపాటేమో అని మళ్లీ చేశాను. మళ్లీ కట్టింది. మందు పాడయిందేమో అని వేరే సీసా తెరిచాను. మూడోసారీ అంతే. అప్పుడు రిజిస్టరు చూశాను. ఏడో నెల. తొలి కాన్పు. భర్త పేరు పక్కన ఇంటిపేరు.

ఆ ఇంటిపేరు ఆ ఊళ్లో ఒక్క కుటుంబానికే ఉంది, ఆ చెరువు కుర్రాడి కుటుంబానికి.

ల్యాబులో కూర్చోలేకపోయాను, బయటికెళ్తే నిలబడలేకపోయాను. చేతులు కడుక్కున్నాను, మళ్లీ కడుక్కున్నాను. చివరికి డాక్టరమ్మగారి దగ్గరికెళ్లి మొత్తం చెప్పాను, రొయ్య మీసంతో సహా. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కడుపులో బిడ్డకి ఎక్కుతుందని తెలుసా?"

"తెలుసండీ."

"పుట్టేక చూద్దాం అనడానికి లేదు. కనీసం నెల ముందు మందు పడాలి. వారానికొకటి చొప్పున మూడు సూదులు. రేపు మొదటిది పడాలి. వాడికి కూడా మళ్లీ చెయ్యాలి."

అంతలో గుమ్మం దగ్గర నుంచి సిస్టరుగారు అన్నారు: "రేపు ఆ అమ్మాయి పుట్టింటికెళ్తోందండీ. పొద్దున్న నాతో చెప్పింది. నరసాపురం అవతల. రేపటితో ఏడో నెల వెళ్లిపోతుందట, ఎనిమిదో నెల్లో ప్రయాణం పెట్టుకోరు కదా."

అంటే మూడు సూదులూ ఇక్కడే పడాలంటే ఎనిమిదో నెల అత్తవారింట్లోనే గడవాలి. గోదారి రేవు దాటి వెళ్లిందంటే అక్కడ ఎవరు ఏ చీటీ చదువుతారో, చదివినా సూది చేస్తారో లేదో మాకు తెలిసే దారి లేదు.

"పొద్దున్నే వెళ్లి ఇద్దర్నీ తీసుకురా" అన్నారు డాక్టరమ్మగారు. "వాడికి నిజం చెప్పు. ఆ అమ్మాయికి ఈ గదిలో, తలుపేసి, నిజం చెప్పు. అత్తగారికీ వీధికీ ఒక్క ముక్క చెప్పకు. ఇంకో కథ అల్లేవంటే కాకినాడలో జిల్లా ఆఫీసుకి నేనే రాస్తాను."

తెల్లారకుండానే సైకిలు తీశాను. ముసురు. గట్టు దారంతా జారుడు. రెండుచోట్ల పడ్డాను. కుర్రాడు చెరువు గట్టు మీద మేత బస్తాలు దింపుతున్నాడు. నన్ను చూసి నవ్వుతూ వచ్చాడు. నేను నవ్వలేదు. పాక వెనక్కి తీసుకెళ్లి చెప్పేశాను. మీ ఆవిడ రక్తంలో ఉంది, నీ నుంచే వెళ్లింది, బిడ్డకి ప్రమాదం, ఈ రోజే సూది పడాలి, నీకు కూడా.

"అదెలాగండీ? అది చెరువులో దిగదు కదా."

"చెరువు వల్ల రాదు."

"మీరే సెప్పేరు కదండీ."

"అబద్ధం చెప్పేను."

"అప్పుడు సెప్పింది అబద్ధవా, ఇప్పుడు సెప్పేది అబద్ధవా?"

అప్పుడు చెప్పింది, అన్నాను. నువ్వు వణుకుతుంటే చూడలేక అన్నాను, అని కూడా అన్నాను. అది వినగానే నా భుజం పట్టుకుని గట్టిగా నెట్టాడు. బురదలో కూర్చున్నాను. ఆ రోజు అది మూడోసారి పడడం.

"దాన్ని ఈ గట్టు మీదకి ఒక్కనాడు రానివ్వలేదండి" అన్నాడు. "సద్దన్నం తెత్తానంటే ఒద్దన్నాను. నా బట్టలు నేనే ఉతుక్కున్నాను, దాని సేతికి తగలకూడదని. తాగే నీళ్లూ, పోసుకునే నీళ్లూ కాసి తోడి ఇచ్చేనండి, ఇన్ని నెలల్నించీ. మా అమ్మ నవ్వేది. మీ మాట మీదే కదండీ."

ఇన్నేళ్లలో నా కథని నమ్మినవాళ్లని చాలామందిని చూశాను. ఇంత శ్రద్ధగా నమ్మినవాణ్ణి చూడలేదు. ముట్టుకున్న ప్రతిదాని నుంచీ ఆ పిల్లని కాపాడుకున్నాడు, కాపాడాల్సిన ఒక్కదాని నుంచీ తప్ప. ఆ ఒక్కటీ నేనే దాచాను.

కాసేపయ్యాక తనే చెయ్యిచ్చి లేపాడు. "ఒక్క మాటండి. దానికి మీరేదోటి సెప్పెయ్యండి. రత్తం తక్కువుందని సెప్పి సూది పొడిచేత్తే సరిపోద్ది కదండీ. మీకొచ్చు కదా అలాటివి."

నిజం చెబుతున్నాను, కథ అప్పటికే నా నాలుక మీద ఉంది. రక్తం తక్కువ, బిడ్డకి బలం, మూడు వారాలు, భర్త రక్తం కూడా కలవాలి కాబట్టి అతనికీ ఓ సూది. ఎంత బాగా కుదిరిందో. చెబితే ఊరంతా నమ్మేది. గర్భిణీల మొగుళ్లంతా మర్నాటి నుంచి సూదుల కోసం వరస కట్టేవారు. అది తలుచుకుని ఆగాను.

"కుదరదు. నువ్వు చెప్పాలి. నేను పక్కనుంటాను."

ఇంటికి చేరేసరికి వీధిలో ఆటో ఆగి ఉంది. అరుగు మీద ట్రంకు పెట్టె, సున్నుండల డబ్బా, చాప. ఆ అమ్మాయి కొత్త చీర కట్టుకుని తల దువ్వించుకుంటోంది. వెనక పీట మీద కూర్చుని అత్తగారు జడ వేస్తోంది. నా బట్టల నిండా బురద చూసి ఆవిడ దువ్వెన ఆపింది.

"ఏంటి బాబుగారూ, మీరు కూడా చెరువులో దిగేరా? జాగర్తండోయ్, రొయ్య మీసం గీరుకుంటాది."

నా కథే నాకు తిరిగొచ్చింది. "డాక్టరమ్మగారు రమ్మంటున్నారు పిన్నిగారూ. అమ్మాయినీ, అబ్బాయినీ."

"అమ్మాయినంటే సరే. ఆడెందుకు? ఆడికీ ఏడో నెలేనా?"

"ఇద్దర్నీ చూడాలన్నారు."

"ఎందుకూ అని."

నోటి దాకా నాలుగు కారణాలొచ్చాయి. పళ్లు బిగించాను. "ఎందుకో అమ్మాయికి అక్కడ చెబుతాం. మీకు చెప్పకూడదండి."

"నాకు చెప్పకూడనిది నా కోడలికేం ఉంటాదండీ? పదకొండింటికి వర్జ్యం వచ్చేత్తాది. రాజోలు బస్సు తప్పితే సఖినేటిపల్లి రేవులో గోదారి దాటే పంటు ఎప్పుడు దొరుకుద్దో. రేపటి నుంచి నేను దీన్ని గడప దాటించను. తిరిగొచ్చేక చూపిత్తాం."

"తిరిగొచ్చేక లాభం లేదండి."

ఆ మాటకి ఆటో డ్రైవరు కూడా ఇటు తిరిగాడు. ఆవిడ కొడుకు వైపు చూసింది. కుర్రాడు గుమ్మం పక్కన గోడ గీకుతున్నాడు. ఆ అమ్మాయి మొగుణ్ణి ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. సగం వేసిన జడని ముడి పెట్టేసుకుని లేచింది.

"ఆటో ఎలాగూ ఉంది కదత్తా. ముందు ఆస్పత్రికెళ్దాం."

ల్యాబు తలుపేశాను. అత్తగారు బయట బల్ల మీద కూర్చుంది, పెట్టె ఒళ్లో పెట్టుకుని. లోపల కుర్రాడు చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడుసార్లూ లోడు దగ్గరే ఆగిపోయాడు. చివరికి గోడ వైపు తిరిగి, "మద్రాసులో తప్పు చేసేనే" అన్నాడు. ఆ తర్వాతది నేను చెప్పాను. ఏం రోగమో, ఎలా వచ్చిందో, బిడ్డకి ఏమవుతుందో, మందు పడితే ఎంత మేలో. ఎక్కడా ఏదీ కలపలేదు, ఏదీ తియ్యలేదు. నా జీవితంలో అంత పొట్టిగా ఏదీ చెప్పలేదు.

ఆ అమ్మాయి ఏడవలేదు. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. అప్పుడు అడిగింది.

"ఈయనకి మీరెప్పుడు చూసేరండీ?"

"మాఘమాసంలో."

"అప్పుడు తెలుసాండీ, నాక్కూడా రావచ్చని?"

"తెలుసమ్మా."

"మరి నాకెవరూ సెప్పలేదేవండీ? నేను ఈ ఊళ్లోనే ఉన్నాను కదా."

సొరుగు లాగి, అప్పుడు ఇవ్వకుండా దాచిన చీటీ చూపించాను.

"సూది చేయించుకుంటాను" అంది. "మీరు సెప్పేరని కాదు. డాక్టరమ్మగార్ని పిలవండి, ఆవిడ సెబితే చేయించుకుంటాను."

డాక్టరమ్మగారు వచ్చారు, చెప్పారు. చర్మం మీద పరీక్ష మందు వేసి, పడుతుందో లేదో చూడ్డానికి అరగంట ఆగాలి. ఆ అరగంటలో వసారాలో ఎన్నిసార్లు తిరిగానో సిస్టరుగారు లెక్కపెట్టారట, తర్వాత చెప్పారు. మందు పడింది. సూది చేయించుకుని ఆ అమ్మాయి కుంటుకుంటూ బయటికొచ్చి అత్తగారి ఒళ్లోంచి పెట్టె దింపింది.

"పెయాణం లేదత్తా. కాన్పు ఇక్కడే. ఎందుకో మీ అబ్బాయి సెబుతాడు."

అని వెళ్లి ఆటోలో కూర్చుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయగలను గానీ, రాయను.

మర్నాడు చెరువుల మీదకెళ్లి పనివాళ్లందర్నీ కూర్చోబెట్టి, నీళ్లకే దోషమూ లేదని చెప్పాను. ఎలా వస్తుందో చెప్పాను. ముందు నవ్వారు. "ఈ కతలో మీసాలు లేవేంటి బాబుగారూ" అన్నాడొకడు. మళ్లీ చెప్పాను. ఆ వారంలో నలుగురు విడివిడిగా, ఒకరికొకరు కనబడకుండా, నా తలుపు తట్టారు. అందులో ఇద్దరు భార్యల్ని కూడా తీసుకొచ్చారు. అంతకాలం ఆ నలుగురూ ఊదారంగు నీళ్లలో మునిగి ధైర్యంగా ఇళ్లకెళ్తున్నవాళ్లే.

ఆ అమ్మాయి రెండో వారం వచ్చింది, మూడో వారం వచ్చింది. ప్రతిసారీ మొగుడు వెంట వచ్చి గుమ్మం బయట నిలబడేవాడు. నాతో మాట్లాడేది కాదు. సిస్టరుగారితో మాత్రం నవ్వుతూ మాట్లాడేది. నెలలు నిండాక అమలాపురంలో ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి బానే ఉంది. అక్కడ పిల్లకి కూడా సూది చేశారు. అయితే పుట్టగానే చేసిన పరీక్షలో కొంచెం కనిపించింది. అది తల్లి రక్తంలోంచి వచ్చిందే కావచ్చు, నెలలు గడిచేకొద్దీ దానంతటదే పోవాలి, పోకపోతే ఆలోచించాలి అన్నారు డాక్టరమ్మగారు. మూడో నెల్లో చూస్తే తగ్గింది గానీ పోలేదు. ఆ నెలలన్నీ నేను ఎవరికీ ఒక్క కథా చెప్పలేదు. నాకు ఒంట్లో బాలేదనుకున్నారు జనం.

ఆరో నెల్లో ముగ్గురూ వచ్చారు. పిల్ల మడమలోంచి నాలుగు చుక్కలు తీశాను. మామూలుగా సాయంత్రం రమ్మంటాం. ఆ అమ్మాయి కదల్లేదు. సరేనని వాళ్ల ఎదుటే గాజు పలక మీద వేసి తిప్పాను. మైక్రోస్కోపులో చూశాను. మళ్లీ చూశాను. తలెత్తి నోరు తెరిచాను.

"మీరేం సెప్పకండి" అంది. "ఎలా చూడాలో సెప్పండి చాలు."

ఒక గుంటలో దాచి ఉంచిన రోగం రక్తం, ఒక గుంటలో మంచి రక్తం, మధ్యలో పిల్లది. రోగం ఉంటే ముద్దలు కడుతుందనీ, లేకపోతే సన్నటి నూకలా విడివిడిగా ఉంటుందనీ చెప్పాను. కన్ను ఎక్కడ పెట్టాలో చూపించాను. చంకలో పిల్లతో వంగడానికి వీల్లేకపోయింది. మొగుడు చేతులు చాచాడు. అతను ఆ చివర ఉన్నాడు, నేను దగ్గరున్నాను. పిల్లని నా చేతికిచ్చేసి వంగింది.

చాలాసేపు చూసింది. ఓ కన్ను మూసి, ఈ గుంటా, ఆ గుంటా, మళ్లీ ఈ గుంటా. పిల్ల నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

"ఇది మంచిదాన్లాగే ఉంది" అంది తనలో తనే.

"అవునమ్మా" అన్నాను, ఆగలేక.

"మిమ్మల్నడగలేదండి."

తల ఎత్తకుండానే పక్కకి జరిగి మొగుణ్ణి చెయ్యి పట్టి లాగింది. "నువ్వు చూడు" అంది. అతను వంగాడు. నేను పిల్లనెత్తుకుని, నోరు మూసుకుని, అతను చెప్పేదాకా నిలబడ్డాను.